ఆటలో అరటిపండు: అంతర్జాల బృందక్రీడల్లో యాంత్రిక జతకూర్పు, సాంగత్యం

ప్రస్తావన

ప్రతి ఆటకూ ముందు ఒక చిన్న ఆట ఉంటుంది. ఎవరు ఎవరి పక్షం, ఎవరు ఎవరికి ఎదురు, మొదటి దొంగ ఎవరు అన్న విషయాలు తేల్చుకొనే ఆట అది. నాటకానికీ యక్షగానానికీ పూర్వరంగం ఉన్నట్లే ఆటకూ ఒక పూర్వరంగం ఉందని చెప్పవచ్చు. తెలుగువారి ఆటల గురించి మన సాహిత్యంలో సమాచారానికి కొదువ లేదు. అయ్యలరాజు నారాయణామాత్యుడు హంసవింశతిలో ఆటల పేర్లను పట్టికలుగా గుదిగుచ్చాడు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కావ్యాల నుంచి ఆటల ప్రస్తావనలను ఏరి, వాటిని ఆయా కాలాల జనజీవనానికి సాక్ష్యాలుగా నిలిపారు. ఆటను కాలక్షేపంగా చూసి వదిలేయక సాంఘిక చరిత్రకు ఆధారంగా గ్రహించడం తెలుగు పరిశోధనకు ఆయన చూపిన దారి.

ఆ దారిలో నేటి ఆటలను పరిశీలిస్తే ఒక మార్పు ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. చరవాణి తెరమీద సాగే బృందక్రీడల్లో పూర్వరంగం ఆటగాళ్ల చేతుల్లో లేదు. ఆటగాడు ఒక గుర్తును తాకుతాడు. కొన్ని క్షణాల్లో సర్వర్ అతనికి తోడుగా ముగ్గురినో నలుగురినో, ఎదురుగా మరికొందరినో నిలుపుతుంది. ఆట ముగియగానే ఆ కూటమి చెదిరిపోతుంది. మ్యాచ్‌మేకింగ్ పేరుతో వ్యవహారంలో ఉన్న ఈ ప్రక్రియను ఇక్కడ యాంత్రిక జతకూర్పు అని పిలవడం జరిగింది. ఈ జతకూర్పు మనుషుల మధ్య సాంగత్యాన్ని పెంచుతున్నదా, తుంచుతున్నదా అన్నది ప్రశ్న. దీనిని పాశ్చాత్య క్రీడా సిద్ధాంతాల వెలుగులోనే గాక, తెలుగు పిల్లలు తమ ఆటల కోసం కల్పించుకొన్న భావనల వెలుగులోనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దేశి పూర్వరంగం: పంటలు, ఉద్దులు, అరటిపండు

తెలుగు బాలక్రీడల పూర్వరంగంలో మూడు వేర్వేరు ఏర్పాట్లు కనిపిస్తాయి. మొదటిది పంటలు వేయడం. పిల్లలు గుండ్రంగా నిలబడి ఒక్కసారిగా అరచేతులను బోర్లాగానో వెల్లకిలాగానో పెడతారు. మిగిలినవారికి భిన్నంగా చేయి పెట్టినవారు పండినట్లు. చివరికి పండకుండా మిగిలినవారు దొంగ. ఇది అదృష్టానికి అప్పగించిన నిర్ణయం. బలవంతుడైనా బలహీనుడైనా దీని ముందు ఒకటే.

రెండవది ఉద్దులు పట్టుకోవడం. ఉద్ది అన్న మాటకు జత, సాటి, సమానుడు అన్న అర్థాలున్నాయి. రెండు పక్షాలకు ఇద్దరు నాయకులు ఏర్పడతారు. మిగిలినవారిలో ఇంచుమించు సమానబలం గల ఇద్దరిద్దరు జతకడతారు. ఒక్కో జత పక్కకు వెళ్లి ఒకరు చందమామ అనో, మరొకరు సూర్యుడు అనో రహస్యంగా పేర్లు పెట్టుకొని, భుజాల మీద చేతులు వేసుకొని తిరిగి వస్తుంది. నాయకులలో ఒకరు పేరు కోరతారు. ఆ పేరుగలవాడు ఆ పక్షానికి, రెండవవాడు ఎదుటి పక్షానికి వెళతారు. ఈ ఏర్పాటులోని వివేకం గమనించదగినది. సమబలులు జతకట్టి విడిపోతారు గనుక పక్షాలు సమతూకంగా ఉంటాయి. ఎవరు ఎటు వెళ్లేదీ నాయకుడికి ముందుగా తెలియదు గనుక పక్షపాతానికి తావుండదు. అన్నిటికంటె ముఖ్యంగా, నాకు సాటి ఎవరు అన్న ప్రశ్నకు జవాబును పిల్లవాడే వెదుక్కోవాలి, ఆ సాటివాడు ఒప్పుకోవాలి. తన బలాన్ని తాను అంచనా వేసుకోవడం, ఎదుటివాడి అంచనాతో దాన్ని సరిచూసుకోవడం అక్కడే జరుగుతాయి.

మూడవది అన్నిటికంటె విలక్షణమైనది. ఆటకు చాలని పసివాడు తానూ ఆడతానని మారాం చేస్తాడు. పెద్దపిల్లలు వాణ్ణి వెళ్లగొట్టరు, లెక్కలోకీ తీసుకోరు. వాడు ఆటలో అరటిపండు. వాడు అవుటయినా అవుట్ కాదు, పట్టుబడినా దొంగ కాడు. అందరితో పాటు పరుగెత్తుతాడు, ఓడిన బాధ లేకుండా ఆట నేర్చుకొంటాడు. నిత్యవ్యవహారంలో ఈ జాతీయం ప్రాధాన్యం లేనివాడు అన్న వ్యంగ్యార్థంలో స్థిరపడినా, దాని మూలంలో ఒక ఔదార్యం ఉంది. అర్హత లేనివాడికి సభ్యత్వం ఇవ్వడం, ఇచ్చిన తరువాత ఆట చెడకుండా చూసుకోవడం మిగిలినవారి బాధ్యత.

ఈ పూర్వరంగానికి సాహిత్యంలో ఉదాత్తమైన నిదర్శనం భాగవత దశమస్కంధంలోని ప్రలంబాసుర వధ ఘట్టం. గోపబాలురు తగినట్లుగా రెండు పక్షాలు కట్టి, ఓడినవారు గెలిచినవారిని మోయాలన్న నియమంతో ఆడతారు. ఓడిన కృష్ణుడు శ్రీదాముణ్ణి మోస్తాడు. గోపవేషంలో జొరబడిన ప్రలంబుడు బలరాముణ్ణి ఎత్తుకొని, దించవలసిన చోటు దాటి పోతాడు. ఆటలో పరాయివాడి ప్రవేశం, మారువేషం, గీత దాటడం అనే మూడు అంశాలూ ఈ కథలో ఉన్నాయి. ప్రలంబుడెవరో కృష్ణుడు ఎరుగును. ఎరిగే అతణ్ణి ఆటలోకి రానిస్తాడు. జట్టులో ఎవరున్నారన్న ఎరుకే ఆ ఆటకు రక్ష.

యంత్రం చేపట్టిన పూర్వరంగం

బలాన్ని అంకెగా మార్చి సాటివారిని నిర్ణయించే ఆలోచన చదరంగంలో శాస్త్రరూపం పొందింది. అర్పాద్ ఎలో రూపొందించిన గణన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోనూ, అంతర్జాతీయ సమాఖ్య ఫిడె 1970లోనూ స్వీకరించాయి. 2024 డిసెంబరు ఫిడె జాబితాలో వరంగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి 2800 దాటాడన్న వార్తను తెలుగు పాఠకులు ఆనందంగా చదివినప్పుడు వారు చదివింది ఈ గణన ఫలితాన్నే. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ ఆటల కోసం రూపొందించిన ట్రూస్కిల్ పద్ధతి ఈ ఆలోచనను బృందాలకు విస్తరించింది. అది ప్రతి ఆటగాడికీ రెండు అంకెలు ఉంచుతుంది. ఒకటి అతని బలం అంచనా, రెండవది ఆ అంచనా మీద ఉన్న సందేహం. ఆడేకొద్దీ సందేహం తగ్గుతుంది. ఇరుపక్షాలకూ గెలుపు అవకాశం ఇంచుమించు సమానంగా ఉండే ఆటను కూర్చడం దాని లక్ష్యం. ఒక విధంగా ఇది ఉద్దులకు గణితరూపం. అయితే ఉద్దిలో సాటివాణ్ణి పిల్లవాడు గుర్తిస్తాడు, ఇక్కడ యంత్రం గుర్తిస్తుంది. తన అంచనా ఏమిటో ఆటగాడికి చెప్పవలసిన అవసరం కూడా యంత్రానికి లేదు.

యాంత్రిక జతకూర్పు సాంగత్యాన్ని ఎలా మారుస్తుందో తెలుసుకోవడానికి అనువైన ఉదాహరణ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. 2004 నవంబరులో విడుదలైన ఈ ఆటలో నేలమాళిగలను జయించడానికి అయిదుగురు కావాలి. శత్రువు దెబ్బలను కాచుకొనేవాడు ఒకడు, గాయాలు మాన్పేవాడు ఒకడు, దాడి చేసేవారు ముగ్గురు. తొలి అయిదేళ్లలో కొన్ని చిన్న సాధనాలు ఉన్నప్పటికీ, ఈ అయిదుగురినీ కూర్చుకోవడం ప్రధానంగా ఆటగాళ్ల పనే. నగరంలోని సంభాషణ మార్గంలో పిలుపునిచ్చి, బేరమాడి, మిత్రులను బతిమాలి, అందరూ నేలమాళిగ ద్వారం దాకా ప్రయాణం చేయాలి. అందుకు గంటసేపు పట్టినా ఆశ్చర్యం లేదు. కాని ఒకే సర్వర్‌లోని వారు గనుక మళ్లీ మళ్లీ తారసపడేవారు. బాగా ఆడినవాడికి పేరు వచ్చేది. అందరికీ చెందవలసిన సొత్తును కాజేసినవాడికి చెడ్డపేరు వచ్చేది, వాణ్ణి తరువాత ఎవరూ పిలిచేవారు కారు.

2009 డిసెంబరులో వచ్చిన 3.3 కూర్పు ఈ స్థితిని మార్చింది. ఆటగాడు తన పాత్ర పేర్కొని వరుసలో నిలబడితే చాలు. వేర్వేరు సర్వర్ల నుంచి నలుగురిని తెచ్చి, అయిదుగురినీ నేరుగా నేలమాళిగలో దింపే సాధనం వచ్చింది. నిరీక్షణ తగ్గింది, ప్రయాణం పోయింది. ఎవరినీ ఎరుగని కొత్తవాడికి కూడా ఆట అందింది. అదే సమయంలో మాట అవసరం తగ్గింది. పక్కనున్నవాడు వేరే సర్వర్‌వాడు గనుక మళ్లీ కనిపించే అవకాశం స్వల్పం. నచ్చనివాణ్ణి ఓటుతో తొలగించవచ్చు, మరొకడు వెంటనే వస్తాడు. సహకారం నిలవాలంటే రేపు మళ్లీ కలుస్తామన్న ఊహ ఉండాలని రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984లో ప్రతిపాదించాడు. ఆ రేపు ఈ ఏర్పాటులో లేకుండా పోయింది.

దీని పర్యవసానం ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. దెబ్బ కాచుకొనే పాత్రకు ముందుకొచ్చేవారు తక్కువగా ఉండడంతో, కొరతగా ఉన్న పాత్రలో వరుసలో నిలిచేవారికి అదనపు బహుమతి ఇచ్చే పద్ధతిని రూపకర్తలు 2011లో ప్రవేశపెట్టారు. బాధ్యత ఎక్కువ, మాట పడే అవకాశం ఎక్కువ అయిన ఆ పాత్రను ఇంతకు ముందు స్నేహం కోసమో, మొగమాటం కోసమో, మంచిపేరు కోసమో నెరవేర్చేవారు. అడిగితే దొరికిన సాయానికి ఇప్పుడు కూలి కట్టవలసి వచ్చింది. జతకూర్పు యంత్రం పాత్రలను కూర్చగలిగింది, మొగమాటాన్ని కూర్చలేకపోయింది.

గతస్మృతికి హద్దులు

పై వివరణను బట్టి యంత్రానికి పూర్వం అంతా సౌహార్దమేనని తీర్మానించడం తొందరపాటవుతుంది. నికొలా డ్యూషెనో, ఆయన సహచరులు 2006లో ప్రకటించిన అధ్యయనం ఇందుకు ముఖ్యమైన హెచ్చరిక. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్లు అధికకాలం ఒంటరిగానే ఆడుతున్నారనీ, ఇతరులు వారికి సహచరులుగా కంటె ప్రేక్షకులుగా, చుట్టూ ఉన్న సందడిగా ఉపయోగపడుతున్నారనీ వారు చూపారు. యాంత్రిక జతకూర్పు రావడానికి మూడేళ్ల ముందటి మాట ఇది. ఏకాంతాన్ని యంత్రం సృష్టించలేదు, ఉన్నదానికి సౌకర్యం కల్పించింది. అదే ఏడు స్టైన్‌కూలర్, విలియమ్స్ ఇటువంటి ఆటలను ఇల్లు, పనిచోటు కాని మూడవ తావులుగా అభివర్ణించారు. గాఢమైన అనుబంధాలకంటె, భిన్న నేపథ్యాలవారి మధ్య పలుచని పరిచయాలకు ఇవి దోహదం చేస్తాయన్నది వారి నిర్ణయం. జతకూర్పు యంత్రం తొలగించినది ముఖ్యంగా ఈ పలుచని పరిచయాలనే. ప్రాణస్నేహితులు ముందుగానే జట్టుకట్టి ఆటలోకి వస్తారు. ముఖపరిచయస్థులే మాయమయ్యారు.

2019లో పాత రూపాన్ని పునరుద్ధరిస్తూ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ ఈ సాధనం లేకుండానే వెలువడింది. 2022లో వచ్చిన తరువాతి భాగంలో కూడా మొదట దీనిని చేర్చలేదు, 2023లో చేర్చారు. సాంగత్యం కోసం సౌకర్యాన్ని వదులుకోవాలన్న కోరికా, సౌకర్యం కోసం సాంగత్యాన్ని సడలించాలన్న కోరికా ఒకే ఆటగాళ్ల సమూహంలో ఉన్నాయనడానికి ఈ ఊగిసలాటే సాక్ష్యం.

తెలుగు సందర్భంలో ఈ హెచ్చరిక మరింత అవసరం. ఉద్దులు పట్టిన ఊరి మైదానం అందరిదీ కాదు. ఏ వాడ పిల్లలు ఏ వాడ పిల్లలతో ఆడాలన్నది ఆట మొదలు కాకముందే కులం నిర్ణయించేది. ఈడొచ్చిన ఆడపిల్లకు మైదానం మూసుకుపోయేది. ఎరుక మీద ఆధారపడిన పూర్వరంగం ఎరుకలోని అసమానతలను కూడా వెంట తెచ్చుకొంటుంది. ఇంటిపేరూ వాడా అడగని యంత్రం ఈ విషయంలో ఊరికంటె ఉదారం. అయితే ఆ ఔదార్యం గొంతు విప్పేదాకానే. స్వరసంభాషణలో యాస, ఆడగొంతు బయటపడగానే ఎగతాళి, వేధింపు మొదలు కావడం, అందువల్ల స్త్రీలు మాట వినిపించకుండా ఆడడం ఈ క్రీడాలోకంలో తెలిసిన విషయాలే. పేరు తెలియని చోట అవమానించినవాడికీ పేరు ఉండదు. ఊరిలో బహిష్కరించే శక్తి ఎరుకకు ఉన్నట్లే, మందలించే శక్తి కూడా ఎరుకకే ఉంది. యంత్రం రెండింటినీ ఒకేసారి తీసివేసింది.

బాచుపల్లి పరిసరం: మైదానం లేని చోట

తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణం నెలకొన్న బాచుపల్లి ఈ చర్చకు సహజమైన నేపథ్యం. మియాపూర్, నిజాంపేట, ప్రగతినగర్‌ల మీదుగా సైబరాబాదు వైపు సాగే ఈ భూభాగంలో పొలాలు అపార్టుమెంట్లయ్యాయి. వసతిగృహాలలో వివిధ జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు, కొత్త ఉద్యోగులు ఉంటారు. ఒకే గదిలో ఉన్నవారి ఊళ్లు వేరు, పనివేళలు వేరు. సాయంత్రం ఒకచోట చేరడానికి మైదానమూ ఉండదు, ఒకే సాయంత్రమూ ఉండదు. ఇటువంటివారికి అర్ధరాత్రి రెండింటికి కూడా జట్టును కూర్చి పెట్టే యంత్రం అవసరాన్ని తీర్చే ఏర్పాటు. మైదానాన్ని యంత్రం లాక్కోలేదు. మైదానం పోయినచోటికి యంత్రం వచ్చింది.

2018లో చరవాణి రూపంలో వచ్చిన పబ్జీ తెలుగు యువతలో ఎంతగా పాకిందో చెప్పనక్కరలేదు. వందమంది ఒక దీవిలో దిగి, చివరివరకు నిలిచినవారు గెలిచే ఆట ఇది. నలుగురి జట్టును స్నేహితులతో నింపుకోవచ్చు, ఖాళీలను యంత్రానికి వదిలివేయవచ్చు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దీనిని నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐగా మరలి వచ్చింది, 2022 జులైలో మళ్లీ ఆగింది, 2023 మేలో తిరిగి మొదలైంది. ఆట మూతపడిన ప్రతిసారీ ఆ తెర మీద తప్ప మరెక్కడా పరిచయం లేని సహచరులు ఒకరికొకరు దొరకకుండా పోయారు. వసతిగృహంలోనో వాట్సాప్ సమూహంలోనో ముందే కూడిన జట్లు మరో ఆటకు మారి నిలిచాయి. కూటమికి ఆటకు వెలుపల ఒక ఆధారం ఉన్నప్పుడే అది ఆటను మించి బతుకుతుందని దీని వల్ల తెలుస్తుంది.

ఆటగాళ్లు ఈ సంగతిని గ్రహించినట్లే ప్రవర్తిస్తున్నారు. ఆట తెరవడానికి ముందే ఫోన్లలో పిలుచుకొని జట్టు నింపుకోవడం, రహస్యసంకేతం ఉన్న ప్రత్యేక గది తెరిచి ఎరిగినవారినే రానివ్వడం, ఆ గదిలో పక్షాలను తామే పంచుకోవడం నేడు సర్వసాధారణం. యంత్రం తీసుకొన్న పూర్వరంగాన్ని ఆటగాళ్లు యంత్రానికి వెలుపల తిరిగి నిర్మించుకొంటున్నారు. ఉద్దులు పోలేదు, వాట్సాప్‌లోకి వలస వెళ్లాయి.

అరటిపండు స్థానంలో బాట్

ఇప్పుడు దేశి పూర్వరంగంలోని మూడు ఏర్పాట్లను యంత్రంతో సరిపోల్చవచ్చు. పంటల పని, అంటే నిష్పాక్షికమైన యాదృచ్ఛికత, యంత్రానికి సులువు. ఉద్దుల పని, అంటే బలాబలాల సమతూకం, యంత్రం మనిషికంటె నేర్పుగా చేస్తుంది. మూడవది మాత్రం దానికి చేతకాలేదు. బలహీనుణ్ణి అది బలహీనుల మధ్యకే పంపుతుంది. పొరపాటున బలవంతుల మధ్య పడితే, వాడివల్ల తమ అంకె తగ్గుతుందన్న భయంతో మిగిలినవారు వాణ్ణి తిడతారు, ఓటు వేసి వెళ్లగొడతారు. అరటిపండుకు చోటివ్వాలంటే గెలుపు ఓటములకంటె ఆ పిల్లవాడు ముఖ్యమని ఎవరైనా అనుకోవాలి. ఫలానా ఇంటి పిల్లవాడు, ఫలానావాడి తమ్ముడు అన్న ఎరుక లేనిదే ఆ అనుకోలు పుట్టదు.

యంత్రం ఈ లోటును మరోవిధంగా పూరించింది. అనుభవం తక్కువైన ఆటగాళ్లు నిరాశపడకుండా వారి ఆటల్లో బాట్లనే యంత్ర ఆటగాళ్లను చేరుస్తున్నట్లు పబ్జీ రూపకర్తలు 2020లో ప్రకటించారు. ఇది అరటిపండు భావనకు సరిగ్గా తలకిందులు. అక్కడ నిజమైన పసివాడు ఉన్నాడు, వాడి ఓటమిని లెక్కించరు. ఇక్కడ లెక్కించదగిన ఓటమి ఉంది, ఓడినవాడు లేడు. అరటిపండు పిల్లవాడు పెద్దల ఆటను దగ్గరగా చూసి నేర్చుకొని, ఒకనాడు ఉద్ది పట్టగలిగేవాడవుతాడు. బాట్లను కొట్టి గెలిచినవాడు తన బలాన్ని గురించి తప్పుడు అంచనాతో ఎదుగుతాడు. జతకూర్పు తర్కం తుదిదాకా సాగితే సాటి మనిషే అనవసరమవుతాడు. ఎదుట ఉన్నది మనిషో కాదో తెలియని స్థితి ప్రలంబుడి మారువేషం వంటిదే. ఆ వేషాన్ని ఎరిగిన కృష్ణుడు మాత్రం ఇక్కడ లేడు.

ముగింపు

యాంత్రిక జతకూర్పును సాంగత్యానికి శత్రువుగా భావించడం సరికాదు. అది అపరిచితులకు ఆట అందించింది, కులమూ వాడా అడగలేదు, నిరీక్షణ తగ్గించింది. అది హరించినది పూర్వరంగాన్ని. అడగడం, కాదనిపించుకోవడం, తన సాటి ఎవరో తాను తేల్చుకోవడం, రేపు మళ్లీ ముఖం చూపవలసి ఉంటుందన్న జంకు, చేతకానివాడికి చోటివ్వడం ఆ పూర్వరంగంలోని పాఠాలు. ఆట నేర్పే సంఘజీవనంలో ఎక్కువ భాగం ఆటకు ముందే జరుగుతుందన్న సంగతి, అది పోయిన తరువాత గాని స్పష్టం కాలేదు.

దీనినిబట్టి తెలుగు పరిశోధనకు రెండు పనులు ఏర్పడుతున్నాయి. జానపద క్రీడల సేకరణలో ఆట నియమాలతో పాటు పంటలు, ఉద్దులు, అరటిపండు వంటి పూర్వరంగ పద్ధతులను ప్రాంతీయ భేదాలతో, ఎవరిని చేర్చుకొన్నారో ఎవరిని చేర్చుకోలేదో కూడా వివరిస్తూ నమోదు చేయవలసి ఉంది. ఆ పద్ధతులు ఆడినవారి జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. వసతిగృహాల గదుల్లో నేడు సాగుతున్న కొత్త పూర్వరంగాన్ని, ఆ పిలుపుల భాషను, జట్టులో చోటు అడిగే తీరును, కాదనే తీరును కూడా జానపద విజ్ఞానంగానే గుర్తించి సేకరించవలసి ఉంది. బాచుపల్లి ప్రాంగణం దాటి నాలుగడుగులు వేస్తే ఆ క్షేత్రం మొదలవుతుంది. ఆటగాళ్ల బలాన్ని కొలిచే అంకెలు ఇప్పటికే పుష్కలంగా ఉన్నాయి. పసివాణ్ణి చూసి, వీడూ ఆడతాడులే అన్న మాట ఏ ఆటలో ఎవరి నోట ఇంకా వినిపిస్తున్నదో వెదకడం పరిశోధకుల పని.